సా ఎక్కడుంది?

ఫస్ట్ ఇయర్ సెకండ్ సెమ్‌లో మా కాలేజీ మ్యూజిక్ క్లబ్ ఆడిషన్‌కి వెళ్ళాను. గిటార్ కొని అప్పటికి ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లో నాకు వచ్చిన పాటలు రెండున్నర, కానీ స్కేల్స్ మాత్రం దంచి పారేశాను. సి మేజర్ స్కేల్‌ని మెట్రోనోమ్ 60 దగ్గర మొదలుపెట్టి, వారానికి ఐదు చొప్పున పెంచుకుంటూ 160 దాకా లాక్కెళ్ళాను. దానికో ఎక్సెల్ షీటు కూడా ఉంది. తేదీ, స్పీడు, ఎన్ని తప్పులు. తప్పులు మూడు కంటే తక్కువైతే గడి పచ్చగా మారుతుంది. నవ్వకండి, కోడింగ్ ప్రాబ్లమ్స్‌కి మీలో సగం మంది ఇలాంటి షీటే మెయింటైన్ చేస్తున్నారని నాకు తెలుసు.

ఆడిషన్‌లో ఆ స్కేలే వాయించాను. పైకి, కిందికి, మళ్ళీ పైకి. ఒక్క తప్పు పోలేదు. ఎదురుగా కూర్చున్న సీనియర్ అన్న తల ఊపి, "స్పీడ్ బాగుంది తమ్ముడూ. ఇప్పుడు నేనొకటి హమ్ చేస్తా, అది వాయించు" అన్నాడు. నాలుగంటే నాలుగు నోట్లు హమ్ చేశాడు.

నాకు ఒక్కటీ దొరకలేదు.

మూడో ఫ్రెట్ నొక్కాను, కాదు. ఐదోది నొక్కాను, కాదు. ఆయన మళ్ళీ హమ్ చేశాడు. ఇంకో తీగ మీదకి వెళ్ళాను. మూడోసారి కూడా చేశాడు, పాపం ఓపిగ్గానే. నాలుగోసారి చెయ్యలేదు. "వేళ్ళు బాగున్నాయ్. చెవి ఎక్కడ పెట్టొచ్చావ్?" అన్నాడు. రూమంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే ఇంకా పరువు పోతుంది కదా. హాస్టల్‌కి వచ్చి గిటార్‌ని కవర్లో పెట్టి మంచం కిందకి తోసేశాను. సెమ్ ఎగ్జామ్స్ అయ్యేదాకా దాన్ని బయటికి తియ్యలేదు. ఎక్సెల్ షీటు డిలీట్ చేద్దామనుకున్నాను కానీ, అంత పచ్చదనం చూసి చేతులు రాలేదు.

మే నెలలో సెలవులకి తెనాలి దగ్గర మా ఊరు వెళ్ళాను. అక్కడ తాతయ్య, నాయనమ్మ ఇద్దరే ఉంటారు. గిటార్ కూడా తీసుకెళ్ళాను, అది కూడా హాస్టల్ రూమ్‌లో వదిలెయ్యడానికి భయమేసి.

మా తాతయ్య పద్య నాటకాలకి హార్మోనిస్టు. ముప్పై ఏళ్ళకి పైగా వాయించాడు. నాకు చిన్నప్పట్నించీ ఆ సంగతి తెలుసు, కానీ తెలిసినట్టు కాదు. మా స్కూల్లో కీబోర్డ్ క్లాస్ ఉండేది, అది మ్యూజిక్. తాతయ్యది నాటకాలు. అంతే, ఈ రెండింటికీ ఏదో సంబంధం ఉందని నాకెప్పుడూ తట్టలేదు. ఇంగ్లీష్ మీడియంలో చదివితే ఇలాంటి గోడలు మనకి తెలీకుండానే లేస్తాయి.

పద్య నాటకం చూడని వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. రాయబారం సీనో, కాటి సీనో నడుస్తుంటే స్టేజి పక్కన ఒకాయన హార్మోనియం పెట్టుకుని కూర్చుంటాడు. ప్రతి నటుడికీ ఒక శ్రుతి ఉంటుంది. కృష్ణుడి వేషం వేసేవాడిది ఐదున్నర అయితే ధర్మరాజుది నాలుగు కావచ్చు. ఈ అంకెలు హార్మోనియం మెట్ల మీద నుంచి వచ్చినవే. తెల్ల మెట్లకి ఒకటి నుంచి ఏడు, మధ్యలో నల్ల మెట్లకి ఒకటిన్నర, రెండున్నర అలా. సి అంటే ఒకటి, జి అంటే ఐదు. మూడున్నర శ్రుతి అనేది ఉండదు, ఎందుకంటే ఇ కీ ఎఫ్ కీ మధ్య నల్ల మెట్టు లేదు. (ఇది తెలిసిన రోజు నేను ఒక అరగంట ఆనందంగా ఉన్నాను.) ఒకరి పద్యం అయిపోగానే ఇంకొకరు అందుకుంటారు, శ్రుతి మారిపోతుంది, రాగం మారిపోతుంది. ఏ రాగం ఎత్తుకుంటాడో ముందు చెప్పడు. మొదటి రెండు మూడు స్వరాల్లోనే హార్మోనిస్టు పట్టేసుకోవాలి. పద్యం చివర నటుడు రాగం తీస్తూ వెళ్తుంటే వెనకే వెళ్ళాలి. జనానికి నచ్చితే "వన్స్ మోర్" అని అరుస్తారు, అప్పుడు అదంతా మళ్ళీ మొదటి నుంచి.

అంటే నేను ఫెయిలైన ఆడిషన్‌ని తాతయ్య రాత్రి పదింటి నుంచి తెల్లారేదాకా ఇస్తూనే ఉండేవాడన్నమాట.

రెండేళ్ళ క్రితం ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు కూడా కర్ర సాయంతో నడిచేంత వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. హార్మోనియం వాయించేటప్పుడు కుడి చెయ్యి మెట్ల మీద ఉంటుంది, ఎడమ చెయ్యి వెనక తిత్తి ఊపుతుంది. గాలి లేకపోతే ఎన్ని మెట్లు నొక్కినా శబ్దం రాదు. కాబట్టి పెట్టె మూల గదిలోకి వెళ్ళిపోయింది. నాయనమ్మ దాని మీద మడత పెట్టిన దుప్పట్లు పెట్టుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం వరండాలో కూర్చుని, వేరే పని లేక, గిటార్ తీసి అదే సి మేజర్ మొదలుపెట్టాను. తాతయ్య పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నా. పది నిమిషాలయ్యాక కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఏందిరా అది?"

"స్కేల్, తాతయ్యా. సరిగమపదనిస లాంటిది."

"అట్టయితే సా ఎక్కడుంది?"

ఐదో తీగ, మూడో ఫ్రెట్ చూపించాను. ఆయన కళ్ళు తెరవలేదు, కాబట్టి చూడలేదు. "అది నీ వేలికి తెలుసులే. మళ్ళీ వాయించు. నేను ఆపమన్న కాడ ఆపు" అన్నాడు. మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కడో "ఆపు" అన్నాడు. ఆపాను. "ఇప్పుడు సా పాడు."

ఫ్రెండ్స్, ఐదు నెలల్లో నేను ఆ సా ని కొన్ని వేల సార్లు వాయించి ఉంటాను. ఒక్కసారి పాడమంటే నోట్లోంచి రాలేదు. ఏదో ఒక శబ్దం చేశాను. ఆయన నవ్వలేదు. "మూడొందల సార్లు ఇంటికెళ్ళొచ్చినా ఇల్లెక్కడో తెలియట్లా నీకు" అన్నాడు. తర్వాత కాసేపాగి, "లోపల పెట్టె తీసుకురా" అన్నాడు.

దుప్పట్లు కింద పెడుతుంటే నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. దులపడానికి ఒక పాత చీరముక్క తెచ్చిచ్చింది.

టేబుల్ మీద పెట్టె, కుడి పక్క తాతయ్య, వెనక వైపు నేను. నా పని తిత్తి ఊపడం. మొదట సైకిల్ పంపు కొట్టినట్టు కొట్టాను. శబ్దం వెక్కిళ్ళు పెట్టింది. "నిద్రపోయేవాడు ఊపిరి తీసుకున్నట్టు ఉండాలిరా" అన్నాడు. రెండు రోజులు పట్టింది నాకు అది రావడానికి. ఆయన వేళ్ళు కూడా రెండేళ్ళ తర్వాత మెట్ల మీదకి వచ్చాయి, బొటనవేలు కొంచెం వణుకుతూ. సా నొక్కి పట్టుకున్నాడు. వదల్లేదు. చాలాసేపు వదల్లేదు. అది నాకు పాఠం చెప్పడానికా, ఆయన కోసమా అని నాకిప్పటికీ తెలీదు.

అసలు మా ప్రాక్టీస్ ఎలా సెటిల్ అయిందంటే, ఒక ఇబ్బంది వల్ల. ఆయన నాలుగు స్వరాలు వాయిస్తాడు, నేను గిటార్ మీద అవి కనిపెట్టాలి. కానీ ఆయన వాయించేటప్పుడు నా చేతులు తిత్తి దగ్గర ఉన్నాయి. ఆయన ఆపాక నేను లేచి, గిటార్ అందుకుని, బెల్ట్ తగిలించుకుని, పిక్ వెతుక్కునేసరికి ఆ నాలుగూ మర్చిపోయేవాణ్ణి. మళ్ళీ వచ్చి తిత్తి ఊపాలి. ఎండాకాలం, పైన ఫ్యాన్ కూడా లేదు (శబ్దం కలుస్తుందని ఆయన ఆపించాడు). మూడు సార్లు తిరిగాక ఒళ్ళు మండి, ఆ నాలుగింటినీ గొంతులో పట్టుకుని, గొణుక్కుంటూ గిటార్ దగ్గరికి వెళ్ళాను. దొరికాయి. మొదటి సారి కాదు, రెండోసారి. కానీ దొరికాయి.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, ఆ మధ్యలో పదిహేను సెకన్ల గ్యాపే అసలు ప్రాక్టీస్ అని. వీడియో చూసి వాయించేటప్పుడు ఆ గ్యాప్ ఉండదు. కంటితో చూస్తాం, వేలు కదుపుతాం, చెవి ఖాళీగా కూర్చుంటుంది. గొంతులో మోసుకెళ్ళాల్సి వస్తే చెవికి పని పడుతుంది. నాకు పాడటం రాదు, ఇప్పటికీ రాదు. దీనికి పాడటం రానక్కర్లేదు, గొణిగితే చాలు.

ఇంకో సమస్య గిటార్ వల్ల వచ్చింది. హార్మోనియంలో ఒక స్వరం ఒక్క చోటే ఉంటుంది. గిటార్‌లో అలా కాదు. మొదటి తీగని ఏమీ నొక్కకుండా మీటితే వచ్చే ఇ, రెండో తీగ ఐదో ఫ్రెట్‌లోనూ ఉంది, మూడో తీగ తొమ్మిదిలోనూ ఉంది, నాలుగో తీగ పద్నాలుగులోనూ ఉంది. ఇది చెప్తే తాతయ్య చాలాసేపు నమ్మలేదు. వాయించి చూపించాక, "ఇన్ని ఇళ్ళు పెట్టుకున్నోడు ఏ ఇంట్లోనూ కాపరం చెయ్యడు. ముందు ఒక తీగ మీద వాయించు" అన్నాడు.

ఇది మాత్రం మీరు తప్పకుండా చేసి చూడండి. రెండో తీగ, అంటే బి స్ట్రింగ్, మొదటి ఫ్రెట్ మీద సా పెట్టుకుంటే మేజర్ స్కేల్ 1, 3, 5, 6, 8, 10, 12, 13 ఫ్రెట్ల మీద పడుతుంది. ఆరు తీగల మీద బాక్సుగా వాయించినప్పుడు ఇది ఒక ఆకారం మాత్రమే. ఒకే తీగ మీద వాయిస్తే ఎక్కడ రెండు మెట్లు దూకాలో, ఎక్కడ ఒక్కటే మెట్టో చెయ్యి మొత్తం జరిగి తెలుసుకుంటుంది. తాతయ్య ఫ్రెట్లని కూడా మెట్లనే అనేవాడు. వీణకి కూడా అదే మాట అట. నాకు ఆ మాట నచ్చింది, ఎక్కుతున్నట్టు ఉంటుంది.

అదే తీగ మీద ఆయన చెప్పిన రెండోది మాయామాళవగౌళ. కర్ణాటక సంగీతం నేర్చుకున్న వాళ్ళకి ఇది మొదటి రోజు పాఠం, సరళీ వరుసలు దీంట్లోనే ఉంటాయి. ఆ పద్ధతి పెట్టింది పురందరదాసు అని చెప్తారు. ఫ్రెట్లు: 1, 2, 5, 6, 8, 9, 12, 13. దూరాలు చూడండి. ఒకటి, మూడు, ఒకటి. మధ్యలో రెండు. మళ్ళీ ఒకటి, మూడు, ఒకటి. కింద సగం ఏ ఆకారమో పై సగం అదే ఆకారం. మొదట నేర్చుకునేవాడికి ఒక సగం వస్తే రెండో సగం వచ్చినట్టే. మనం ఫంక్షన్ రాసి రెండుసార్లు కాల్ చేసినట్టు. ఈ పోలిక తాతయ్యకి చెప్పలేదులెండి.

స్పీడు సంగతి. నా ఎక్సెల్ షీటు గురించి చెప్తే ఆయనకి అర్థం కాలేదు. "ఐదైదు పెంచుకుంటా పోవటం ఏందిరా? మూడు కాలాలు ఉన్నాయిగా" అన్నాడు. అంటే, తాళం మారదు. దెబ్బకి ఒక స్వరం మొదటి కాలం, రెండు స్వరాలు రెండో కాలం, నాలుగు స్వరాలు మూడో కాలం. మెట్రోనోమ్‌ని 50 మీద పెట్టి వదిలేశాను. 50 లో దెబ్బకి నాలుగు అంటే నాకు పెద్ద స్పీడేం కాదు. కష్టమంతా దెబ్బకి ఒకటి వాయించినప్పుడు వచ్చింది. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వింటే సిగ్గేసింది. ప్రతి స్వరం ముందు చిన్న తొందర, ఎక్కడో ఒక చోట చిన్న తడబాటు. 160 లో ఇవన్నీ దుమ్ములో కలిసిపోయేవి, తప్పుల కాలమ్‌లో పడేవి కావు.

ఆ తడబాటు ఎప్పుడూ ఒకే చోట వచ్చేది, జి తీగ నుంచి బి తీగకి మారేటప్పుడు. కారణం ఉంది. గిటార్‌లో పక్కపక్క తీగల మధ్య ఐదు ఫ్రెట్ల దూరం ఉంటుంది, ఆ రెండింటి మధ్య మాత్రం నాలుగే. కార్డ్స్ పట్టుకోవడం తేలికవ్వాలని అలా పెట్టారు. స్కేల్ వాయించేవాడికి మాత్రం అది నడిచే దారిలో ఒక మెట్టు ఎత్తు తగ్గినట్టు. రోజూ ఆ రెండు తీగల మీదే, నాలుగు స్వరాలే, మొదటి కాలంలో రెండు నిమిషాలు వాయించాను. వారం పట్టింది. మొత్తం స్కేల్ పైనుంచి కిందికి నూరుసార్లు వాయించినా ఆ ఒక్క చోటికి అంత టైమ్ వచ్చేది కాదు.

జంట వరుసలు, దాటు వరుసలు కూడా చేయించాడు. జంట అంటే ప్రతి స్వరం రెండేసి సార్లు, రెండోదాన్ని కొంచెం గట్టిగా. గిటార్‌లో పిక్ కిందికి, పైకి కొడతాం కదా, పైకి కొట్టేది ఎప్పుడూ నీరసంగా ఉంటుంది. జంటల్లో రెండో దెబ్బే బరువుగా పడాలి కాబట్టి ఆ నీరసం పోతుంది. దాటు అంటే పక్క స్వరం వదిలేసి దాని అవతలి దాని మీదకి దూకడం. ఇంగ్లీష్ వీడియోల్లో దీన్ని థర్డ్స్ అని అరగంట చెప్తారు. దూకడం మొదలుపెట్టాక స్కేల్ మొదటిసారి పాటలాగా వినపడింది. పాటలు మెట్లన్నీ వరుసగా ఎక్కవు కదా, దూకుతాయి, వెనక్కి వస్తాయి, ఒకచోట ఆగుతాయి.

ఇప్పుడు నాకు ఇష్టమైన రోజు గురించి. జూన్ మొదటి వారం, సాయంత్రం కరెంటు పోయింది. తాతయ్య, "నల్ల మెట్లు మాత్రమే వాయిస్తా, చూడు" అన్నాడు. నాలుగున్నర దగ్గర మొదలుపెట్టి ఐదు నల్ల మెట్లూ వాయించాడు. మోహన. అది నేను కూడా గుర్తుపట్టాను, గిటార్‌లో మేజర్ పెంటటోనిక్ అంటే అవే స్వరాలు. తర్వాత అవే నల్ల మెట్లు, కానీ సా ని పక్క నల్ల మెట్టు మీద పెట్టుకున్నాడు. మధ్యమావతి. ఇంకో మెట్టు, హిందోళం. ఇంకోటి, శుద్ధ సావేరి. ఇంకోటి, శుద్ధ ధన్యాసి. ఐదు మెట్లు, ఐదు రాగాలు. వేళ్ళు ఆ ఐదింటిని దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఒక్క సా మాత్రం ఇల్లు మారింది. దీన్ని గ్రహభేదం అంటారట.

నేను తిత్తి ఊపడం ఆపేశాను. ఆయన తిట్టాడు.

ఎందుకు ఆపానంటే, గిటార్ నేర్చుకునే ప్రతివాడూ పెంటటోనిక్ ఐదు బాక్సులు అని బట్టీ పడతాడు. నేను కూడా పట్టాను. బాక్స్ వన్, బాక్స్ టూ అని గోడకి ప్రింటవుట్ అంటించుకుని. ఐదు బొమ్మల్లాగా గుర్తుపెట్టుకున్నాను. అవన్నీ ఒకే ఐదు స్వరాలని తెలుసు, కానీ అది పరీక్షలో రాసే తెలుసు. అందులో ఐదు మూడ్స్ దాక్కుని ఉన్నాయని ఏ ప్రింటవుట్లోనూ లేదు. ఆ రాత్రి ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుని, మొదట సి లో పెట్టి సి, డి, ఇ, జి, ఎ వాయించాను, హాయిగా ఉంది. యాప్‌లో శ్రుతిని మాత్రం ఎ కి మార్చి అవే ఐదు వాయించాను. వేళ్ళు అవే, ఫ్రెట్లు అవే. కానీ ఎవరో గదిలో లైటు మార్చినట్టు అయిపోయింది. ఇ కి మారిస్తే ఇంకో రకం దిగులు. బాక్స్ మారితే రాగం మారదు, వెనక మోగే సా మారితే మారుతుంది. ఆ తంబురా లేకుండా ఐదు నెలలు స్కేల్స్ వాయించడమంటే, మ్యాప్‌లో మన లొకేషన్ చుక్క లేకుండా రోడ్లు బట్టీ పట్టడమే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, లేకపోతే సంగీతం నేర్చుకున్న మా క్లాస్‌మేట్స్ నన్ను ఏకుతారు. స్కేల్ రాగం కాదు. రాగంలో గమకాలు ఉంటాయి, ఒక స్వరం నుంచి ఇంకోదానికి ఊగుతూ వెళ్ళడం ఉంటుంది. హార్మోనియంలో అది కుదరదు. ఆ కారణంతోనే 1940 లో ఆలిండియా రేడియో హార్మోనియంని పక్కన పెట్టింది, ముప్పై ఏళ్ళ దాకా మళ్ళీ రానివ్వలేదు. తాతయ్యకి ఈ కథ బాగా తెలుసు, నవ్వుతూనే చెప్తాడు. ఒకరోజు నేను గిటార్ తీగని వేలితో పైకి తోసి, గ నుంచి మ కి జారుతూ వెళ్ళాను. మనం బెండింగ్ అంటాం. ఆయన ఏదో చెప్పబోతూ ఆగిపోయాడు. "మళ్ళీ చెయ్యి" అన్నాడు. చేశాను. "ఇది నా పెట్టెలో లేదురా" అన్నాడు. ఆ రోజు ఇంక నాలుగు స్వరాలు ఆయన వెయ్యలేదు, నన్నే వెయ్యమన్నాడు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక తాతయ్య లేడు కాబట్టి, మన బ్రాంచి బుద్ధి పోనిచ్చుకోకుండా, పైథాన్‌లో ఒక స్క్రిప్ట్ రాశాను. మోహనలో నాలుగు స్వరాలు ర్యాండమ్‌గా తీసి వినిపించి, పదిహేను సెకన్లు ఆగి, సమాధానం చూపిస్తుంది. ముప్పై లైన్లు. బాగా పనిచేసింది, రెండు రోజులకే బోర్ కొట్టింది. ఎందుకో తెలుసుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ర్యాండమ్‌గా వచ్చిన నాలుగు స్వరాలు ఎక్కడికీ వెళ్ళవు. తాతయ్య వేసే నాలుగూ ఎక్కడికో బయల్దేరినట్టు ఉంటాయి, ఐదోది ఏంటో మనకే వెయ్యాలనిపిస్తుంది. ఇప్పుడు స్క్రిప్ట్ వాడట్లేదు. బయట వినపడినవే పట్టుకుంటాను. కాలేజీ బస్సు రివర్స్ హారన్, కారిడార్‌లో ఎవడో ఈల వేసిన ముక్క, పక్క రూమ్ వాడి అలారం. గొంతులో గొణుక్కుంటూ రూమ్‌కి వచ్చి, ముందు ఒక తీగ మీద కనిపెట్టి, తర్వాత ఇంకో తీగ మీద, తర్వాత ఇంకో శ్రుతిలో. రోజుకి ఇరవై నిమిషాలు. అంతకంటే ఎక్కువైతే చెవి వినడం మానేసి వేళ్ళు మాత్రం నడుస్తుంటాయి, అది గమనిస్తే ఆపేస్తాను. ఒక్కో రోజు పది నిమిషాలకే ఆపేస్తాను. మా రూమ్మేట్ ఈ పద్ధతికి పెద్ద ఫ్యాన్, 160 స్పీడు రోజుల్ని వాడు ఇంకా మర్చిపోలేదు.

మొన్న ఆగస్టులో మళ్ళీ ఆడిషన్‌కి వెళ్ళాను. ఆ అన్న పాసవుట్ అయిపోయాడు, వేరే అక్క కూర్చుంది. హమ్ చేసింది. మొదటి సారికి మూడు దొరికాయి, రెండోసారికి నాలుగూ. సింగర్ "ఒక్క స్వరం తగ్గించరా, పైకి అందట్లేదు" అంటే తగ్గించాను. తీసుకున్నారు. గిటార్‌కి కాదు, బేస్‌కి, బేస్ వాయించేవాళ్ళు ఎవరూ లేరట. బేస్‌కి నాలుగే తీగలు, అన్నిటి మధ్యా ఒకటే దూరం, జి-బి గొడవ లేదు. నాకేం బాధ లేదు.

రాత్రి తొమ్మిదింటికి తాతయ్యకి వీడియో కాల్ చేస్తాను. తిత్తి ఇప్పుడు నాయనమ్మ ఊపుతుంది, సీరియల్ బ్రేక్‌లో మాత్రమే. ఆయన సా పట్టుకుంటే ఫోన్ దాన్ని ఫ్యాన్ శబ్దం అనుకుని రెండు సెకన్లకి కోసేస్తుంది. అందుకని పొట్టి పొట్టిగా నాలుగు స్వరాలు వేస్తాడు. లైన్లో ఆలస్యం ఉంటుంది కాబట్టి కలిసి వాయించడం కుదరదు, ఒకరి తర్వాత ఒకరం. నేను గొణుక్కుని, వెతుక్కుని, వాయిస్తాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం.

"వన్స్ మోర్" అంటాడు.

నాటకంలో అయితే దానర్థం బాగుందని. మా తాతయ్య నోట్లో దానర్థం మూడో స్వరం తప్పని. వెనక నుంచి నాయనమ్మ, "తొందరగా కానియ్యండి, ప్రకటనలు అయిపోతున్నయ్" అంటుంది. మళ్ళీ వెతుక్కుంటాను.